గుండెపోటు తర్వాత ఇంటిల్లిపాదికీ భయమే, మరి ఆ మాత్ర ఎందుకు ఆపారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా నాన్నగారికి 54 ఏళ్లు. ఆరు వారాల కిందట తెల్లవారుజామున నాలుగింటికి ఛాతీలో నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నారు. తొమ్మిదింటికి ఆసుపత్రికి తీసుకెళ్తే గుండెపోటు అని స్టెంట్ వేశారు. అప్పటినుంచి అమ్మకు నిద్ర లేదు. రాత్రి రెండు మూడుసార్లు లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూస్తుంది. నాన్న చిన్న మాటకే కసురుకుంటారు, లేదంటే గోడవైపు తిరిగి పడుకుంటారు. తమ్ముడికి 29 ఏళ్లు, ఈ విషయం ఎత్తితేనే లేచి వెళ్లిపోతాడు, సిగరెట్లు ఎక్కువయ్యాయి. రెండు పూటలా వేసుకునే మాత్ర వల్ల ఆయాసం, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నాయని నాలుగు రోజులుగా అది ఆపేశాం, ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నారు కాబట్టి ఏమీ కాదని మెడికల్ షాపులో చెప్పారు. ఇప్పుడు నయంగానే ఉంది, మెట్లెక్కితే మాత్రం ఛాతీ పట్టేసినట్టు ఉంటోందట, గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గుతోంది. బంధువులంతా ఊళ్లో ఉన్నారు. మాకు ధైర్యం చెప్పేవారు, తెలుగులో మాట్లాడేవారు ఇక్కడ ఎవరైనా ఉంటారా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది ధైర్యం చెప్పేవారి గురించి. ఓపీలో ఇద్దరు రోగుల మధ్య దొరికిన ఐదు నిమిషాల్లో మీ లేఖ చదువుతూ నేను ఆగిపోయింది మాత్రం చివర్లో మీరు మాటవరసకు రాసిన రెండు వాక్యాల దగ్గర. స్టెంట్ వేసి ఆరు వారాలే అయిన మనిషికి రెండు పూటలా వేసుకునే మాత్ర ఆపేశారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. ఈ శీర్షికలో జవాబు అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి వెంటనే డెస్కు వారి చేత మీకు ఫోన్ చేయించాను. ఆ సాయంత్రమే ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లారని, ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్త పరీక్ష చేసి ఒక రాత్రి ఉంచుకున్నారని, మాత్ర మార్చి పంపారని తెలిసి కుదుటపడ్డాను. మీ అనుమతితోనే ఈ లేఖను ప్రచురిస్తున్నాం, ఎందుకంటే ఇదే పొరపాటు చేస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

ఆ మాత్ర పేరు టికాగ్రెలార్. స్టెంట్ అంటే రక్తనాళం లోపల వలలాగా విచ్చుకునే సన్నటి లోహపు గొట్టం. శరీరం దానిని కొత్త వస్తువుగానే చూస్తుంది, దాని మీద రక్తనాళపు లోపలి పొర పూర్తిగా పెరిగి కప్పేయడానికి నెలలు పడుతుంది. ఈలోగా రక్తంలోని ప్లేట్‌లెట్లు ఆ లోహానికి అంటుకుని గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, అంటే మీరు రాసిన ఎకోస్ప్రిన్, ఒక దారి మూస్తే, టికాగ్రెలార్ లేదా క్లోపిడోగ్రెల్ ఇంకొక దారి మూస్తుంది. ఒకటి వేసుకుంటున్నాం కదా, రెండోది ఎందుకు అన్న మెడికల్ షాపు లెక్క ఇక్కడ కుదరదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసిన వారికి ఈ రెండూ కలిపి మామూలుగా ఏడాది పాటు ఇస్తాం. రక్తస్రావం ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి తగ్గిస్తాం, కొందరికి పొడిగిస్తాం, ఆ నిర్ణయం మాత్రం రోగిని చూసిన కార్డియాలజిస్టుదే. తొలి నెలల్లో అర్ధాంతరంగా ఆపితే స్టెంట్ లోపలే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు, అది మొదటిదానికంటే ప్రాణాంతకంగా ఉండే అవకాశం ఎక్కువ.

ఆపిన మాత్రను మళ్లీ ఎలా మొదలుపెట్టాలో కూడా వైద్యుడే చెప్పాలి. ‘నాలుగు రోజులు పోయాయి కదా’ అని ఒకేసారి రెండు మూడు మింగించే పని ఇంట్లో ఎవరూ చేయకండి.

అలాగని మీరు చెప్పిన ఇబ్బందులు అబద్ధమని నేను అనడం లేదు. టికాగ్రెలార్ వేసుకునే కొందరికి ఆయాసం వస్తుంది, ఊరికే కూర్చున్నప్పుడు కూడా గట్టిగా ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది, చాలామందిలో కొన్ని రోజులకో వారాలకో అదే సర్దుకుంటుంది, సర్దుకోకపోతే మీ నాన్నగారికి చేసినట్టు క్లోపిడోగ్రెల్‌కు మారుస్తాం. అయితే ఆయాసం మాత్ర వల్లనా, గుండె బలహీనపడి వస్తోందా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి రావడం, పాదాలు వాయడం, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరగడం వంటివి ఉంటే అది గుండె వైఫల్యం కావచ్చు, అదే రోజు చూపించాలి. చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం రావడం ఈ మందులతో తరచూ చూసేదే, మెత్తటి బ్రష్ వాడి వైద్యుడికి చెబితే సరిపోతుంది. మలం తారులా నల్లగా రావడం, రక్తపు వాంతులు, ఎంత నొక్కి పట్టినా ఆగని రక్తం, తలకు దెబ్బ తగలడం మాత్రం వేరే సంగతి, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. పన్ను పీకించుకోవాలన్నా సరే, దంతవైద్యుడు ‘ఆపి రండి’ అంటే ముందు గుండె వైద్యుడికి ఫోన్ చేయండి. చాలా సందర్భాల్లో ఆపకుండానే పని జరుగుతుంది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటివి సొంతంగా కొని వేసుకోవద్దు. ఊరి నుంచి ఎవరైనా చూర్ణాలు పంపితే, వాటిని కూడా డాక్టరుకు చూపించాకే డబ్బా మూత తీయండి.

ఇక గ్యాస్ మాత్ర. దీని గురించి ఎన్నిసార్లు రాసినా నాకు విసుగు రాదు, చదివేవారికి వస్తే క్షమించాలి. మా ఓపీకి వచ్చే మగవారి చొక్కా జేబులో ఫోను పక్కన నాలుగు మాత్రలు మిగిలిన పాంటోప్రజోల్ షీటు ఉండటం నాకు ఎంత అలవాటైపోయిందంటే, అది లేనివారిని చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మీ నాన్నగారి గుండెకు రక్తం అందని ఆ ఐదు గంటల్లో నాలుగింటికి ఒక మాత్ర, ఆరింటికి సోడా, ఏడింటికి వేడినీళ్లు జరిగి ఉంటాయని మీరు రాయకపోయినా నేను చెప్పగలను. రక్తం అందని గుండె కండరం గంటగంటకూ చచ్చిపోతుంది, చచ్చిన కండరాన్ని ఏ స్టెంటూ తిరిగి బతికించలేదు. పోనీ, అప్పుడు తెలియక జరిగింది అనుకుందాం. ఒకసారి గుండెపోటు చూసిన ఇంట్లో, ఆరు వారాలు తిరగకుండానే, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని మళ్లీ అదే మాత్ర ఇవ్వడాన్ని ఏమనాలి? నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే బిగుతు గుండెకు రక్తం చాలడం లేదని చెప్పే గుర్తు. ఆయన మెట్ల మీద ఆగి కూర్చున్నందుకు తగ్గింది, పేరు మాత్రం గ్యాస్ మాత్రకు వచ్చింది.

ఇకమీదట ఛాతీ మధ్యలో బరువు, బిగుతు, మంట, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, కారణం లేని వాంతి, వీటిలో ఏది వచ్చినా ముందు ఆయనను కూర్చోబెట్టండి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఆయనకు రాసి ఉంటే వైద్యుడు చెప్పిన ప్రకారం ఒకటి పెట్టండి, కళ్లు తిరుగుతున్నా, బీపీ తక్కువగా ఉన్నా పెట్టవద్దు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కు ఫోన్ చేయండి. ఆయనే బండి నడుపుకుంటూ బయలుదేరకూడదు. రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు కాబట్టి, ఇంటికి దగ్గరలో 24 గంటలూ ఈసీజీ తీసి, యాంజియోప్లాస్టీ చేయగల, అంటే మూసుకున్న రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేయగల ఆసుపత్రి ఏదో ఈ వారంలోనే కనుక్కుని, దాని నంబరు తలుపు వెనుక రాసి పెట్టండి. పండక్కి మదనపల్లె వెళ్లినప్పుడు అక్కడ ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే తెలిసి ఉండాలి. పెద్ద ఆసుపత్రి దూరమైన చోట గడ్డను కరిగించే ఇంజెక్షనే ప్రాణం నిలుపుతుంది. కర్ణాటకలో 46 ఏళ్లకే 2021 అక్టోబరులో పోయిన కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పేరిట నడుస్తున్న హృదయ జ్యోతి పథకంలో తాలూకా ఆసుపత్రుల్లోనే ఈసీజీ తీసి, జయదేవ వంటి పెద్ద గుండె ఆసుపత్రి వైద్యుల సలహాతో గడ్డను కరిగించే ఆ ఇంజెక్షన్, టెనెక్టెప్లేస్, ఇస్తున్నారు. అయితే ఎంత ఖరీదైన ఇంజెక్షన్ అయినా, నొప్పి వచ్చిన మనిషి సమయానికి ఆసుపత్రి గడప తొక్కితేనే పనిచేస్తుంది.

మీరు అడిగిన విషయానికి ఇప్పుడు వస్తాను. గుండెపోటు తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరికి వైద్యం అవసరమయ్యేంత కుంగుబాటు వస్తుంది. మన ఇళ్లలో మగవారికి అది చాలాసార్లు ఏడుపుగా కాక కోపంగా బయటపడుతుంది. గోడవైపు తిరిగి పడుకోవడం, తిండి మీద ధ్యాస పోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే దాన్ని ఆయన స్వభావం అనుకుని వదిలేయకండి. కుంగుబాటులో ఉన్నవారు మందులు మానేస్తారు, నడక మానేస్తారు, ఆ దారిలో గుండె కూడా దెబ్బతింటుంది. గుండె జబ్బు ఉన్నవారికి సురక్షితంగా ఇవ్వదగిన మందులు ఉన్నాయి, అన్నీ సురక్షితం కావు, అందుకే మనోవైద్యుడికి గుండె మందుల చీటీ తప్పకుండా చూపించాలి. తెలుగులో మాట్లాడేవారు కావాలన్నారు. కేంద్ర ప్రభుత్వం మానసిక ఆరోగ్య సాయం కోసం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, భాషల్లో తెలుగును ఎంచుకోవచ్చు. రోగికే కాదు, రోగిని చూసుకునేవారికి కూడా అది పనికొస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ మీరుంటున్న బెంగళూరులోనే ఉంది. ఆయనలో గాని, ఇంట్లో ఇంకెవరిలో గాని ‘బతికి ఏం లాభం’ అన్న మాట వినిపిస్తే అపాయింట్‌మెంటు కోసం చూడకండి, ఆ రోజే తీసుకెళ్లండి.

అమ్మగారి వేలు గురించి రాశారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను, అది చాలా ఇళ్లలో చూస్తాను. ఆమెకు ‘భయపడకు’ అని చెప్పి ప్రయోజనం లేదు, చేతికి ఒక పని ఇవ్వండి. ఏడు రోజులకు పూటపూటకూ గదులున్న మాత్రల డబ్బా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ఆదివారం సాయంత్రం దాన్ని నింపడం, రోజూ ఏ గది ఖాళీ అయిందో చూడడం ఆమె పని చేయండి. రాత్రి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదానికంటే, పొద్దున ఆ గది ఖాళీగా ఉండటమే ఆయనకు ఎక్కువ కాపుదల. మీరూ తమ్ముడూ ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స, అంటే సీపీఆర్, ఎక్కడైనా నేర్చుకుంటే ఆమెకు ఇంకా నిబ్బరం వస్తుంది. ఆమె బీపీ, షుగరు చివరిసారి ఎప్పుడు చూశారో ఒకసారి గుర్తుచేసుకోండి, బహుశా గుర్తురాదు.

నాన్నగారిని గాజు బొమ్మలా కూర్చోబెట్టకండి. మెట్ల దగ్గర వచ్చిన బిగుతు సంగతి తేలి, వైద్యుడు సరేనన్నాక, చదునైన నేల మీద పది నిమిషాల నడకతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచవచ్చు. పాల ప్యాకెట్టు తేవడం వంటి పాత పనులు ఆయనకే తిరిగి ఇవ్వండి. ఆవకాయ, అప్పడాల విషయంలో యుద్ధాలు వద్దు, ఉప్పు మొత్తం మీద రోజుకు ఐదు గ్రాములు, అంటే చెంచాడు, దాటకుండా ఇంటివంటే మార్చండి, అందరూ అదే తినండి.

తమ్ముడి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నా ఆందోళనలో అతనిది రెండో స్థానం. తండ్రికి 55 ఏళ్లలోపే గుండెపోటు వచ్చిందంటే పిల్లలకు ముప్పు మామూలుకంటే ఎక్కువ. అతను, మీరు కూడా, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఈ నెలలోనే చూపించుకోండి, వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్‌ను కొలిచే లైపోప్రోటీన్ (ఎ) పరీక్ష జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలు. సిగరెట్ల గురించి ఇంట్లో అందరి ముందూ నిలదీయకండి, రిపోర్టు చూపించే రోజు ఆ మాట డాక్టరు నోట రానివ్వండి.

ఇది లేఖను బట్టి ఇచ్చిన సలహా మాత్రమే, ఆయనను పరీక్షించి ఇచ్చింది కాదు కాబట్టి, మందుల్లో ఏ మార్పైనా మీ కార్డియాలజిస్టు చెబితేనే చేయండి. తర్వాతి రివ్యూకు వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల షీట్లన్నీ, గ్యాస్ మాత్రతో సహా, ఒక కవరులో వేసుకెళ్లండి. అమ్మగారిని బయట కుర్చీలో వదిలేయకుండా మీతోపాటు లోపలికి తీసుకెళ్లండి, ఆమె అడగదలచుకున్నవి ఆమెనే అడగనివ్వండి.