సదరంలో 40 శాతం రాకపోయినా పరీక్షల్లో స్క్రైబ్, అదనపు సమయం అడగవచ్చు: కావలసిన మెడికల్ కాగితాలు

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడు డిగ్రీ మొదటి సంవత్సరం, కుడిచేతి వేళ్లకు కీళ్ల జబ్బు, సదరంలో, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ పరీక్షలో, 34 శాతమే వేశారు. "40 లేకపోతే ఏమీ ఇవ్వలేం" అని కాలేజీలో చెప్పారు. ఇప్పుడు ఏ డాక్టరు దగ్గర ఏ కాగితం తీసుకోవాలి?

నాకు పన్నెండేళ్ల వయసు నుంచి జువెనైల్ ఆర్థ్రైటిస్ (చిన్నతనంలోనే వచ్చే కీళ్ల జబ్బు) ఉంది. సదరంలో నాకూ నలభై లోపే వచ్చింది. అయినా హైదరాబాదులో పీజీ పరీక్షలన్నీ అదనపు సమయంతో, కొన్ని పేపర్లు స్క్రైబ్ (మనం చెబితే రాసిపెట్టే మనిషి) సాయంతో రాశాను. కాబట్టి మీ తమ్ముడికి కూడా దారి ఉందని ముందే చెబుతున్నాను. కాకపోతే సదరం సర్టిఫికెట్‌తో పోయే దారి కాదది.

ఆ 40 శాతం లెక్క దేనికో ముందు చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లని బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్నవాళ్లంటారు. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ వాళ్లకే. అదే చట్టం వికలాంగులంటే ఎవరో చెప్పేచోట మాత్రం శాతం మాటే ఎత్తదు. దీర్ఘకాలం ఉండే లోపం వల్ల నలుగురితో సమానంగా పాల్గొనలేని స్థితి ఉంటే చాలంటుంది. రిజర్వేషన్ సీటుకి 40 కావాలి, పరీక్ష హాల్లో సాయానికి అక్కర్లేదు. కాలేజీ ఆఫీసుల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు.

ఈ తేడాని గట్టిగా తేల్చింది సుప్రీంకోర్టు. రాయబోతే చేయి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న వికాస్ కుమార్ అనే అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో స్క్రైబ్ ఇవ్వబోమన్నారు, బెంచ్‌మార్క్ వైకల్యం లేదని. 2021 ఫిబ్రవరి 11న కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఇలాంటివాళ్ల కోసం మార్గదర్శకాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. వాటి ఫలితమే 2022 ఆగస్టు 10న సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఉత్తర్వు. 40 శాతం కంటే తక్కువ ఉండి, రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి స్క్రైబ్, గంటకి 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం అందులో ఉన్నాయి. మూడు గంటల పేపరుకి ఇంకో గంట అన్నమాట. 2025లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. నేను ఏ ఆఫీసుకి వెళ్లినా నోటితో చెప్పేముందు ఆ కాగితమే టేబుల్ మీద పెట్టేదాన్ని. మాటకి తల అడ్డంగా ఊపేవాళ్లు కూడా తేదీ, నంబరు ఉన్న కాగితాన్ని ఒకసారి చదువుతారు.

2022 ఉత్తర్వు చివర అనుబంధంగా ఒక సర్టిఫికెట్ నమూనా ఉంటుంది. మీరు తేవలసిన అసలు కాగితం అదే. ఫలానా జబ్బు వల్ల ఈ అభ్యర్థి రాసే సామర్థ్యం దెబ్బతింది, పరీక్ష రాయడానికి స్క్రైబ్ అవసరం అని అందులో ఉంటుంది. శాతం అడిగే గడి లేదు. ఒక్క డాక్టరు సంతకం చాలదు, ప్రభుత్వ వైద్య బృందం (మెడికల్ బోర్డు) ఇవ్వాలి. సివిల్ సర్జన్ లేదా జిల్లా ముఖ్య వైద్యాధికారి స్థాయి వాళ్లు అధ్యక్షులు. ఎముకల డాక్టరో, ఫిజికల్ మెడిసిన్ డాక్టరో, అలాగే సైకాలజిస్టో సైకియాట్రిస్టో ఉంటారు, దొరికితే న్యూరాలజిస్టు కూడా. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సూపరింటెండెంట్ పేరు మీద దరఖాస్తు పెట్టుకోండి, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసులో తేదీ చెబుతారు. ఇది సదరం క్యాంపు కాదు, స్లాట్ బుక్ చేసే పని కాదని దరఖాస్తులోనే ఒక వాక్యం రాయండి. లేకపోతే మళ్లీ సదరం క్యూలోకే పంపిస్తారు.

ప్రైవేటు డాక్టరు లెటరు మరి దేనికంటారా? అది ఒక్కటే చూపిస్తే యూనివర్సిటీలో చెల్లదు. కానీ బోర్డు ముందు కూర్చున్నప్పుడు మీ తమ్ముడి తరఫున మాట్లాడేది అదే. బోర్డు డాక్టర్లు అతన్ని చూసేది కొన్ని నిమిషాలు. ఏళ్ల తరబడి చూస్తున్న డాక్టరుకి తెలిసింది వాళ్లకి తెలియాలంటే అది కాగితం మీద ఉండాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మొదట నాకు ఇచ్చిన లెటర్లో, ఫలానా అమ్మాయి ఆర్థ్రైటిస్‌తో బాధపడుతోంది, మందులు వాడుతోంది, తగిన సహకారం అందించగలరు అని మాత్రమే ఉంది. అబద్ధం లేదు, కానీ దాన్ని చదివినవాళ్లకి పరీక్ష హాల్లో ఏం జరుగుతుందో ఏమీ అర్థం కాదు. ఆర్థ్రైటిస్ ఉండి చక్కగా రాసేవాళ్లూ ఉంటారు కదా అని అడిగితే ఆ లెటర్లో జవాబు లేదు. తర్వాత నేను చూపించుకునే రుమటాలజీ డాక్టరమ్మ శ్రద్ధగా కూర్చుని రెండోది రాసిచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది, సారాంశం చెబుతాను. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎక్కడెక్కడ ఏ కీళ్లకి, ఏ మందులు ఎంతకాలంగా అన్నది మొదటి పేరా. ఉదయం లేచాక చేతులు బిగుసుకుని ఉంటాయి, అది వదలడానికి గంట పైనే పడుతుంది, ఉదయం పెట్టే పరీక్షకి ఇది నేరుగా అడ్డు అన్నది రెండోది. పెన్ను పట్టుకుని ఆపకుండా ఎంతసేపు రాయగలదు, ఆ తర్వాత నొప్పితో వేగం ఎలా పడిపోతుంది, జబ్బు పెరిగిన వారాల్లో పెన్ను పట్టడమే సాధ్యం కాదు అన్నది మూడోది. చివర్లో, ఇది తగ్గిపోయే గాయం కాదు, కోర్సు పూర్తయ్యేదాకా ఉంటుంది, కాబట్టి అదనపు సమయం కావాలి, జబ్బు పెరిగినప్పుడు స్క్రైబ్ కావాలి అని స్పష్టంగా సిఫారసు చేశారు.

నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో గట్టి కాగితం అదే. జబ్బు పేరు ఎంత పెద్దదైనా దానంతట అది ఏదీ సాధించదు. ఆ జబ్బు ఆ మూడు గంటల్లో ఏం చేయనివ్వదో రాసి ఉండాలి. డాక్టర్లకి ఓపీలో తీరిక ఉండదు, వాళ్లని తప్పుపట్టలేం. అందుకే మీరే ముందు ఒక అరపేజీ రాసుకుని వెళ్లండి: పొద్దున ఎలా ఉంటుంది, ఎంతసేపు రాయగలడు, మరుసటిరోజు చెయ్యి ఎలా ఉంటుంది, ఏ సాయం కావాలి. చూసి, పరీక్షించి, నిజమనిపించింది వాళ్లే లెటర్లో పెడతారు.

ఇంకో ఆధారం ఉంది, దాన్ని ఎవరూ మెడికల్ కాగితంగా లెక్కచేయరు. రాసిన జవాబు పత్రం. ఇంటర్నల్ పరీక్ష రాసిన బుక్‌లెట్ మా మేడమ్‌ని అడిగి జిరాక్స్ తీయించాను. మొదటి పేజీలో అక్షరాలు గుండ్రంగా, గీత మీదే ఉన్నాయి. ఐదో పేజీకి వచ్చేసరికి సున్నాలు విడిపోయి, ఒత్తులు పక్కకి జారిపోయాయి. చివరి రెండు పేజీల్లో వాక్యాలు సగంలో ఆగిపోయాయి, బొమ్మకి పేర్లు పెట్టలేదు. బోర్డులో ఎముకల డాక్టరు నా వేళ్లు వంచి చూసిన తర్వాత ఆ పేజీలు తిప్పారు, పక్కనున్న ఆయనకి కూడా చూపించారు. ఎక్స్‌రేలో కనిపించనిది ఆ పేజీల్లో కనిపించింది. యూనివర్సిటీ పరీక్ష పేపరు అయితే, దిద్దిన జవాబు పత్రాలు సమాచార హక్కు కిందికి వస్తాయని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది, దరఖాస్తు పెట్టి కాపీ తెచ్చుకోవచ్చు.

కీళ్ల జబ్బు ఎక్కువ తక్కువ అవుతూ ఉంటుంది కాబట్టి ఒక జాగ్రత్త. బోర్డుకి పిలిచిన రోజున మీ తమ్ముడి చెయ్యి బాగుండవచ్చు. వాపు వచ్చినప్పుడు తీసిన ఫోటోలు తేదీలతో సహా ప్రింటు తీయించి పెట్టండి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్షలు) రిపోర్టులు, పాత మందుల చీటీలు వరసగా ఒక ఫైల్లో పెట్టండి, పాతది కింద, కొత్తది పైన. "ఇప్పుడు బాగానే ఉంది కదమ్మా" అని నన్నూ అడిగారు. బాగున్న రోజు ఇలా ఉంటుంది, బాగాలేని రోజు ఇలా ఉంటుంది అని ఫైలు తిప్పి చూపించాను. అబ్బాయికి కూడా ముందే చెప్పండి: నొప్పి లేనప్పుడు ఉందనొద్దు, ఉన్నప్పుడు మొహమాటపడి లేదనొద్దు. మన ఇళ్లలో డాక్టరు అడగ్గానే "పర్లేదండీ" అనేస్తాం.

సర్టిఫికెట్ చేతికొచ్చాక గడువు చూసుకోండి. 2022 నమూనాలో గరిష్ఠంగా ఆరు నెలలే చెల్లుబాటు ఉండేది. అంటే దాదాపు ప్రతి సెమిస్టర్‌కి కొత్తది తేవలసి వచ్చేది. జీవితాంతం ఉండే జబ్బుకి ఆరు నెలల కాగితం ఏమిటని నాకు చాలా బాధ ఉండేది, ఇప్పటికీ అది సరికాదనే అంటాను. నా జూనియర్ ఒకమ్మాయి సెమిస్టర్ మొదట్లోనే తెచ్చేసుకుంది, పరీక్షలు వాయిదా పడ్డాయి, హాల్ టికెట్ వచ్చేసరికి గడువు తీరిపోవచ్చింది. పరీక్ష ఫీజు నోటిఫికేషన్ వచ్చే రోజులకి కాస్త ముందు వెళితే రెండువైపులా సరిపోతుంది. మార్గదర్శకాలు మారుతుంటాయి కాబట్టి ప్రస్తుతం ఏ నమూనా అడుగుతున్నారో ఎగ్జామినేషన్ బ్రాంచిలో అడిగి, దాన్నే బోర్డుకి పట్టుకెళ్లండి.

కాలేజీలో ఇచ్చేటప్పుడు ఒరిజినల్ ఇవ్వకండి, చూపించి అటెస్టెడ్ కాపీ ఇవ్వండి. ఉస్మానియా, కాకతీయ లాంటి యూనివర్సిటీలకి అనుబంధ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ ఫార్వర్డ్ చేసిన లెటరు కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కి వెళ్లాలి. అటానమస్ (పరీక్షలు తానే పెట్టుకునే కాలేజీ) అయితే కాలేజీ ఎగ్జామ్ బ్రాంచిలోనే తేలుతుంది. ఎక్కడ ఇచ్చినా మీ కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. అనుమతి లెటరు పరీక్షా కేంద్రానికి చేరిందో లేదో ముందురోజు అక్కడి చీఫ్ సూపరింటెండెంట్‌ని కలిసి కనుక్కోండి. అన్నీ మంజూరై, సెంటర్లో ఇన్విజిలేటర్‌కి తెలియక మూడు గంటలకే పేపరు లాక్కుంటే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

స్క్రైబ్ గురించి ఒక మాట. చెప్పి రాయించడం అలవాటు లేనివాళ్లకి అది కష్టమే. నేను చెప్పే వేగం ఎక్కువై, రాసే అమ్మాయికి అందక, మొదట్లో ఇద్దరికీ టెన్షన్. రసాయన సమీకరణాలు నోటితో చెప్పడం ఇంకో పని. మీ తమ్ముడు కొంతసేపైనా రాయగలిగితే నా ఓటు అదనపు సమయానికే, స్క్రైబ్‌కి అర్హత ఉన్నా వద్దనుకుని సమయం మాత్రం అడగవచ్చు. స్క్రైబ్‌నే తీసుకుంటే పరీక్షకి ముందు పాత పేపర్లతో కూర్చుని సాధన చేయండి.

ఇంట్లో పెద్దవాళ్ల సంగతి మీరు అడగలేదు, కానీ చెబుతాను. వికలాంగుల సర్టిఫికెట్ అనగానే మా అమ్మ వద్దే వద్దంది, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలిస్తే ఎలాగని. నేను సబ్జెక్టు తెలిసీ రాయలేక మార్కులు పోగొట్టుకుంటున్నానని నా జవాబు పత్రమే ఆవిడ ముందు పెట్టాను. తర్వాత బోర్డుకి నాతో వచ్చింది అమ్మే. మీ ఇంట్లో కూడా ఈ మాట వస్తే, ఈ కాగితం పరీక్ష కోసం ఇచ్చేదని, దాని మీదే అలా రాసి ఉంటుందని చూపించండి.

ఇవన్నీ ఇచ్చాక కూడా కాదంటే గొడవకి దిగకుండా ఒక్కటే అడగండి: ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో రాసివ్వమని. రాసిస్తే దానితో, ఇవ్వకపోతే మీ స్టాంపు వేసిన కాపీతో, యూనివర్సిటీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉంటే అక్కడికి, అక్కడా కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయవచ్చు. పరీక్షలకి కనీసం నెల ముందే ఆ అడుగు వేయండి, తర్వాత గెలిచినా ఆ సెమిస్టర్‌కి ఉపయోగపడదు.