వైండింగ్ ఇంజిన్ ఎక్కబోయే అబ్బాయికి

చి. సురేష్‌కు,

పెద్దనాన్న ఆశీస్సులు. గనిలోకి మనుషుల్ని దించి, పైకి తెచ్చే వైండింగ్ ఇంజిన్ డ్రైవర్ సర్టిఫికెట్ చేతికొచ్చిందనీ, పాత గనిలో పాత ఇంజిన్ మీదే వేశారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. "ఆ తాడు తెగితే ఏం గతి?" అని మీ అమ్మ పక్కనుంచి అడగడం నాకు వినిపించింది. గని చూడని వాళ్ళందరూ మొదట అడిగేది తాడు గురించే. నువ్వు మాత్రం మొదట అడగవలసింది వేరే ఉంది. ఆ గదిలో ఏ వస్తువును చూసినా "ఇది పోతే దీని పని చేయడానికి రెండోది ఉందా?" అని అడుగు. నేను కోలార్ బంగారు గనుల్లో పని నేర్చుకున్నప్పుడు మా పెద్ద డ్రైవర్లు ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టించారు.

యంత్రం సంగతి నీకు తెలిసిందే, అమ్మకు చెప్పడానికి వీలుగా రెండు మాటలు రాస్తాను. ఊరి బావి గిలకకు ఒకే తాడు వేసి, చెరో కొసన ఒక కడవ కట్టినట్టు ఊహించుకోమను. ఒకటి దిగుతుంటే రెండోది లేస్తుంది. గని నోటి పైన నిలబడే చట్రం హెడ్‌గేర్, దాని మీది పెద్ద చక్రాలే గిలకలు, కడవలు మనుషులు ఎక్కే కేజ్‌లు, చేతుల బదులు తాడు చుట్టుకునే డ్రమ్ము. రెండు కేజ్‌ల బరువు ఒకదానికొకటి సరిపోతుంది కాబట్టి ఇంజిన్ లాగేది మనుషుల బరువునూ, తాడు బరువులోని తేడానూ మాత్రమే. అయితే ఆ తేడా చిన్నదేమీ కాదు. 40 మిల్లీమీటర్ల ఉక్కు తాడు మీటరుకు ఆరేడు కిలోలు తూగుతుంది. రెండు కిలోమీటర్లు వేలాడితే తాడే పన్నెండు, పదమూడు టన్నులు! కోలార్‌లో ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి దిగినా, ఒకే తాడుతో అక్కడికి ఎవరూ దిగలేదు. ఒక షాఫ్ట్‌లో, అంటే గనిలోకి దిగే నిలువు బావిలో, కొంత దూరం దిగి, నడిచి, లోపలి షాఫ్ట్‌లో ఇంకో వైండర్ ఎక్కేవాళ్ళం. 1965లో శాస్త్రవేత్తలు 2.3 కిలోమీటర్ల లోతున న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను పట్టుకున్నది ఆ గనిలోనే. వాళ్ళ పరికరాలన్నీ మా కేజ్‌ల మీద దిగినవే. ఆ మాట చెప్పుకోవడం మా డ్రైవర్లకు భలే ఇష్టం.

ఇక తాడు. ఒకప్పుడు జనపనార మోకులు, ఇనుప గొలుసులు వాడేవారు. గొలుసుతో చిక్కేమిటంటే ఒక్క లింకు విరిగితే అంతా అయిపోతుంది, ముందుగా ఏ సూచనా ఉండదు. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల్లో, క్లౌస్తాల్ గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలను మెలిపెట్టి తాడు చేయించాడు. నాలుగేసి తీగలతో మూడు పేటలు, అంతే. ఆ తాడులో ఒక తీగ తెగితే బరువును మిగతావి పంచుకుంటాయి. తెగిన తీగ కొస బయటికి పొడుచుకు వచ్చి కంటికి కనిపిస్తుంది, చేతికి గుచ్చుకుంటుంది. అంటే తాడు తెగబోయే ముందు చాలా రోజులు మొత్తుకుంటుంది. వినేవాడు కావాలి, అంతే. నా ప్రశ్నకు ఇంత చక్కగా జవాబు చెప్పే వస్తువు ఇంజిన్ గదిలో మరొకటి లేదు.

పైగా తాడును చూసినంతగా మరి దేన్నీ చూడరు. కేజ్ కొసన, తాడును కేజ్‌కు కలిపే బిగింపు క్యాపెల్ దగ్గర, అదురు ఆగిపోతుంది, తడి చేరుతుంది, తుప్పు లోపల దాక్కుంటుంది. అందుకే ఆ ముక్కను కోసి, విప్పి, లోపలి తీగలను పరీక్షించి, కొత్తగా క్యాపెల్ కడతారు. బ్రిటన్ 1911 చట్టమే దీన్ని ఆరు నెలలకొకసారి చేయాలని, మనుషుల్ని మోసే తాడును మూడున్నరేళ్ళకు మించి వాడకూడదని నిర్ణయించింది. మన దేశపు గనుల నిబంధనలు ఆ దారిలో వచ్చినవే. కొస కోయడంలో ఇంకో లాభం ఉంది, దీన్ని పుస్తకాల్లో ఎవరూ గట్టిగా చెప్పరు. కోసిన ప్రతిసారీ తాడు కొంచెం జరుగుతుంది కాబట్టి, కేజ్ ఆగినప్పుడు చక్రం మీద వంగే చోటు, డ్రమ్ము మీద ఒక పొర నుంచి ఇంకో పొరకు ఎక్కే చోటు మారిపోతాయి. ఒకే చోటు దెబ్బలన్నీ తినదు. నీకు తీరిక దొరికినప్పుడు తాడు పరీక్షించే ఫిట్టరు పక్కన నిలబడు. నూనె తుడిచి చూస్తున్నాడా, పైపైన చేయి పెట్టి పోతున్నాడా, అది నీకు తెలియాలి.

ఇప్పుడు నేను నిజంగా భయపడే దాని గురించి రాస్తాను. అది బ్రేకు.

1973 జూలై 30 ఉదయం, ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో మార్కమ్ బొగ్గు గనిలో పొద్దుటి షిఫ్టు దిగుతోంది. కేజ్‌లో 29 మంది. ఇంజిన్ గదిలో బ్రేకుకు బలాన్నిచ్చే స్ప్రింగుల మధ్య నుంచి పోయే ఉక్కు కడ్డీ ఒక్కసారిగా విరిగింది. డ్రైవర్ బ్రేకు లివరు లాగాడు, పని చేయలేదు. అత్యవసర బటన్ నొక్కాడు, అదీ పని చేయలేదు. లివరైనా బటనైనా చివరికి డ్రమ్మును ఆపవలసింది ఆ కడ్డీ ద్వారానే కదా. కేజ్ అడుగుకు కొట్టుకుంది. 18 మంది పోయారు, మిగిలిన 11 మంది తీవ్రంగా గాయపడ్డారు. కడ్డీలో అలసట వల్ల పుట్టిన పగులు ఎన్నాళ్ళ నుంచో పెరుగుతూ వచ్చింది. తాడులా అది మొత్తుకోలేదు. ఆ తర్వాత బ్రిటన్ గనులన్నిటిలోనూ, ఒక్క ముక్క విరిగితే బ్రేకంతా పోయే చోట్లు ఎక్కడున్నాయో వెతికి మరీ మార్చారు.

కాబట్టి చేరిన వారంలోనే మీ బ్రేకు బొమ్మ అడిగి తీసుకో. నీ చేతిలోని లివరు నుంచి డ్రమ్మును నొక్కే చెక్కల దాకా ప్రతి కడ్డీ, ప్రతి పిన్ను వేలితో చూపిస్తూ వెళ్ళు. రెండో దారి లేని చోట ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఆ ముక్కను చివరిసారి విప్పి, బయటికి తీసి పగుళ్ళకు పరీక్షించింది ఎప్పుడో ఇంజినీరును అడుగు. "చూశాం" అంటే ఒప్పుకోకు. బిగించి ఉండగా చూడటం చూడటం కాదు. కొత్త కుర్రాడివి, ప్రశ్నలు ఎక్కువ వేస్తున్నావని విసుక్కుంటారు. విసుక్కోనీ.

బ్రేకు పడటానికి కరెంటు కావలసిన ఇంజిన్‌ను ఎక్కనే ఎక్కకు. మంచి ఇంజిన్‌లో బ్రేకును పడేసేది బరువో స్ప్రింగో, దాన్ని ఎత్తి పట్టుకునేది గాలి లేదా నూనె ఒత్తిడి. కరెంటు పోయినా, పైపు పగిలినా బ్రేకు దానంతటదే పడుతుంది. కోలార్‌కు 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. అంత దూరపు తీగను నమ్ముకున్న చోట, అది పోయినప్పుడు ఏమవుతుందన్న ఆలోచన ముందే ఉండాలి. షిఫ్టు మొదట్లో బ్రేకు వేసి ఉంచి మోటారుతో లాగి చూడు, డ్రమ్ము కదలకూడదు. షాఫ్ట్‌లో మరమ్మతు జరిగినా, చాలాసేపు ఇంజిన్ ఆగినా, ముందు ఖాళీ కేజ్‌లను పైకీ కిందికీ ఒక పూర్తి తిరుగు తిప్పు. మనుషులు ఆ తర్వాతే.

రెండోది లేని ఇంకో వస్తువు నువ్వే. డ్రైవర్‌కు కునుకు పట్టవచ్చు, గుండె పట్టవచ్చు. అందుకే లిల్లీ కంట్రోలర్ లాంటివి పెట్టారు. డ్రమ్ముతో పాటు తిరిగే కామ్‌లు అనే వంకర అంచు చక్రాలు, వేగాన్ని కొలిచే గవర్నరు కలిసి, కేజ్ కొసకు వస్తున్న కొద్దీ అనుమతించే వేగాన్ని తగ్గిస్తూ పోతాయి. మీరితే ముందు గంట కొడుతుంది, ఆ తర్వాత బ్రేకు వేస్తుంది. అదీ విఫలమై కేజ్ హెడ్‌గేర్‌లోకి దూసుకుపోతే ఆఖరి కాపు డిటాచింగ్ హుక్. 1860లలో లాంకషైర్‌లోని ఆథర్టన్‌లో ఎడ్వర్డ్ ఆర్మరాడ్ చేసినది బాగా పేరుపొందింది. హెడ్‌గేర్‌లో బిగించిన పళ్ళెం రంధ్రంలో దూరగానే హుక్ రెక్కలు కింద నొక్కుకుని పైన విప్పుకుంటాయి. తాడు విడిపోయి వెళ్ళిపోతుంది, కేజ్ మాత్రం ఆ పళ్ళేనికే వేలాడుతుంది. నాకు చాలా ఇష్టమైన పరికరం ఇది, కానీ దాన్ని నమ్ముకోవద్దు. పైకేజ్‌ను అది పట్టుకుంటుంది సరే, అదే క్షణంలో కిందికేజ్ షాఫ్ట్ అడుగు గుంట, సంపు వైపు పోతుంటుంది. దాన్ని ఈ హుక్ ఏమీ చేయలేదు.

కేజ్ ఊగకుండా దారిలో ఉంచే చెక్క గైడ్లను పళ్ళతో కరిచి పట్టుకునే సేఫ్టీ క్యాచ్‌ల గురించీ మురిసిపోకు. అవి తాడు కేజ్ దగ్గర తెగితే బాగా పట్టుకుంటాయి. ఎక్కడో పైన తెగి, టన్నుల తాడు మీద పడితే పరిస్థితి వేరు. తాడు గైడ్లున్న షాఫ్ట్‌లో అసలు పనికిరావు.

డెప్త్ ఇండికేటర్ ముల్లు చూపేది డ్రమ్ము తిరుగుడును, కేజ్ ఉన్న చోటును కాదు. లోతైన షాఫ్ట్‌లో తాడు సాగుతుంది. కింద మనుషులు ఎక్కగానే కేజ్ జారుతుంది, దిగగానే లేస్తుంది. క్లచ్ వేసి లెవెల్ మార్చినా, కొత్త క్యాపెల్ కట్టినా ముల్లును మళ్ళీ సరిచూడాలి. డ్రమ్ము అంచున రంగు గుర్తు కూడా పెట్టుకో, రెండూ ఒకే మాట చెప్పాలి. కేజ్ ఆగే చోట దాన్ని కింద నుంచి మోసే ఆనుడు ముక్కలు, కెప్స్ మీద కూర్చున్నప్పుడు తాడును ఇంకా వదలడం మహా ప్రమాదం. వదులు తాడు పోగుపడి, కెప్స్ తీయగానే కేజ్ కింద పడి గుంజుకుంటుంది.

గంటలు నీకు కంఠతా వచ్చు: ఆగి ఉంటే ఒకటి పైకి, కదులుతుంటే ఒకటి ఆగమని, రెండు కిందికి, మూడు మనుషులని. మూడు విన్నాక బదులు గంట వచ్చేదాకా హ్యాండిల్ ముట్టుకోకు. సందేహం ఉంటే కదలకు, మళ్ళీ కొట్టమను. షాఫ్ట్ పైనుండి గంట కొట్టే బ్యాంక్స్‌మన్, కిందనుండి కొట్టే ఆన్‌సెట్టర్ ఇద్దరితోనూ స్నేహంగా ఉండు, డ్యూటీలో మాత్రం గంటల భాషే మాట్లాడు. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి "తొందరగా" అన్నా మనుషుల వేగం మారదు. ఇంజిన్ నడుస్తుండగా నీతో కబుర్లు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

షాఫ్ట్ నోరు నీ చేతిలో ఉండదు, కానీ దాని గేట్ల గురించి అడుగు. 1995 మేలో దక్షిణాఫ్రికా వాల్ రీఫ్స్ గనిలో ఒక లోకోమోటివ్ షాఫ్ట్‌లోకి జారి, మనుషులున్న కేజ్ మీద పడింది. 104 మంది పోయారు. వైండర్ తాడు, బ్రేకు, వైండింగ్ డ్రైవర్, ఏదీ తప్పు చేయలేదు. ఇంగ్లండ్‌లో హార్ట్‌లీ గనిలో 1862లో పంపు ఇంజిన్ దూలం విరిగి షాఫ్ట్‌ను పూడ్చేసింది, 204 మంది చనిపోయారు. ఆ గనికి బయటికి దారి అదొక్కటే. ప్రతి గనికీ రెండు దారులుండాలన్న చట్టం దాని వల్లే వచ్చింది. మీ గనిలో రెండో దారి ఎక్కడో ఒకసారి స్వయంగా నడిచి చూడు.

మీ ఇంజిన్ బ్రేకు బరువుతో పడేదా స్ప్రింగుతో పడేదా, గైడ్లు చెక్కవా తాడువా, తాడు ఎప్పుడు మార్చారు, ఇవి నాకు రాయి. బ్రేకు బొమ్మ ఫోటో తీస్తే మీ పెద్దమ్మ ఫోనుకు పంపు. నా దాంట్లో బొమ్మలు తెరుచుకోవు. ఎర్ర గుర్తులు పెట్టాకే పంపాలి సుమా.

మీ పెద్దనాన్న