లైను బిగువు

చిరంజీవి నానికి పెదనాన్న ఆశీస్సులు.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో నిన్ను కంట్రోల్ లైన్ జట్టులోకి, అదే, సన్నని తీగలు పట్టుకుని మోడల్ విమానాన్ని చుట్టూ తిప్పుతూ ఎగరేసే జట్టులోకి, తీసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకెంత సంతోషమైందో! లూపులు, అంటే గాల్లో నిలువు చుట్లు, ఎప్పుడు కొడతానా, తలకిందులుగా ఎప్పుడు తిప్పుతానా అని నీకు తొందరగా ఉంటుంది. ముందు లైన్ల సంగతి విను.

18 మీటర్ల లైన్ల మీద కిలోంపావు మోడల్ 5 సెకన్లకో చుట్టు తిరుగుతుంటే, నీ చేతిని మూడున్నర కిలోల పైనే లాగుతుంది. ఆ లాగుడు ఉన్నంతసేపే నీ హ్యాండిల్‌కు విమానంలో లైన్లు తగిలించిన మీట, బెల్‌క్రాంక్, కదులుతుంది, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క, ఎలివేటర్, మాట వింటుంది. లైను వదులైందా, ఇక విమానం నీ చేతిలో లేనట్టే. చేతికి బరువు తగ్గినట్టు అనిపించగానే గబగబా వెనక్కి అడుగులెయ్యి. లూపులు ఎప్పుడూ గాలి నీ వీపుకు తగిలే వైపే కొట్టు. అక్కడైతే గాలే విమానాన్ని నీనుంచి దూరంగా నెట్టి లైను బిగిస్తుంది.

మొదట్లో మణికట్టు ఆడించకు. మోచెయ్యి బిగించి, భుజం నుంచి చెయ్యంతా కదుపు. చూపు విమానం మీదే ఉంచు, వెనక చెట్లను చూశావంటే తల తిరుగుతుంది.

నీ వయసులో నేనొకసారి లైన్లు తారుమారుగా తగిలించాను. పైకి లేపుదామని హ్యాండిల్ వెనక్కి వంచితే ముక్కు నేలకు దిగబడింది. నెల రోజులు కూర్చుని అంటించిన తేలికైన బాల్సా చెక్క రెక్క క్షణంలో పుల్లలైపోయింది. హ్యాండిల్ కదిపి, ఎలివేటర్ ఎటు లేస్తోందో కళ్లారా చూశాకే ఇంజన్ స్టార్ట్ చెయ్యమను. స్నేహితుడు మోడల్ పట్టుకుంటే, లైన్లు తట్టుకుంటాయో లేదో మోడల్ బరువుకు పది రెట్లు లాగి చూడు. లైన్లను పొడి గుడ్డలోంచి మెల్లగా జార్చు. ఎక్కడైనా మెలిక వేలికి తగిలితే ఆ లైను పక్కన పడెయ్యి, సాగదీసి వాడకు. తెగేది అక్కడే.

హ్యాండిల్ తాడు మణికట్టుకు కట్టుకోకుండా ఎగరేశావని తెలిస్తే ఊరుకోను. కరెంటు తీగలు దగ్గర్లో ఉన్న మైదానమైతే పెట్టె కూడా విప్పకు. మన లైన్లు ఉక్కువి, తగిలితే ప్రాణమే పోతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు హ్యాండిల్ తీసుకురా, నీ పిడికిలికి సరిపోయేలా పట్టు అరగదీసి ఇస్తాను. ఇంజన్ ఇంధనంలోంచి చొక్కాకు అంటిన ఆముదం వాసన గురించి మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ పెదనాన్న