ఆకురాయి పట్టే ముందు కొలత పట్టు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ పాత మార్టినీ-హెన్రీ తుపాకీలో గుండు పేల్చిన తర్వాత ఖాళీ కేసు, అంటే తూటా ఇత్తడి తొడుగు, బయటికి రావడం లేదని, లీవర్‌ను రెండు చేతులతో నొక్కవలసి వస్తోందని, కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొనలను ఆకురాయితో కాస్త పదును చేస్తే పట్టు పెరుగుతుందేమోనని రాశావు. ముందు ఆ ఆకురాయిని పెట్టెలో పెట్టెయ్యి. ముప్పై ఏళ్ల క్రితం నేనూ అదే పని చేశాను. పట్టు పెరగలేదు సరికదా, పలచబడిన కొన కేసు అడుగున ఉండే అంచును, అంటే రిమ్‌ను, కోసుకుంటూ జారిపోవడం మొదలుపెట్టింది. ఆ తుపాకీకి సరిపడే మరో ఎక్స్‌ట్రాక్టర్ దొరకడానికి రెండేళ్లు పట్టింది. లోపం తూటా కూర్చునే ఛాంబర్‌లో ఉందని ఆ తర్వాత గాని నాకు తెలియలేదు.

ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. బోల్ట్ రైఫిల్లో పిడిని పైకి తిప్పుతున్నప్పుడే ఏటవాలు అంచు ఒకటి కేసును బలంగా కదిలించి వదులు చేస్తుంది. నీ మార్టినీలో ఆ సదుపాయం లేదు. లీవర్‌ను కిందికి దించితే ఛాంబర్‌ను వెనకనుంచి మూసే బ్రీచ్ బ్లాక్ దిగుతుంది, దిగి దిగి చివరికి ఎక్స్‌ట్రాక్టర్ కాలును తాకుతుంది, ఆ కాస్త కదలికతోనే కేసు ఊడి రావాలి. రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్ అనే మరో పాత తుపాకీలో ఉన్నది బొటనవేలి బలమే. అందువల్ల ఈ తుపాకుల్లో కేసు తనంతట తాను గోడను వదలాలి తప్ప, దాన్ని బలవంతంగా లాగగల శక్తి యంత్రంలో లేదు.

మరి కేసు గోడను ఎప్పుడు వదులుతుంది? పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది, ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి లోపలికి ముడుచుకుంటుంది. ఉక్కు కూడా ఆ క్షణంలో కొంత సాగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే ఉక్కు ఎక్కువగా సాగి, ఇత్తడి ముడుచుకున్న దానికంటే ఎక్కువగా వెనక్కి వచ్చి కేసును బిగించి పట్టుకుంటుంది. కాబట్టి కేసు ఇరుక్కోవడాన్ని మొదట ఒత్తిడికి సంబంధించిన హెచ్చరికగా భావించు. నల్ల తుపాకి మందు కోసం చేసిన తుపాకీలో పొగ లేని మందు వాడినట్టయితే ఇక కొలతల ప్రసక్తే లేదు, వెంటనే ఆపెయ్యాలి. అలాగే కేసు మూతిని మెత్తబరచడానికి కాల్చేటప్పుడు వేడి ఒంటిదాకా దిగిందంటే, ఆ ఇత్తడికి ముడుచుకునే గుణం పోతుంది. అది ఉబ్బి అక్కడే ఉండిపోతుంది.

ఈ కష్టం నీకు కొత్తగా వచ్చింది కాదు. 1871లో బ్రిటిష్ సైన్యం మార్టినీ-హెన్రీని స్వీకరించినప్పుడు దాని తూటా పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసినది. 1884-85 సుడాన్ యుద్ధంలో ఇసుకకు, వేడికి ఆ కేసులు ఇరుక్కుపోతుంటే, ఒకే ముక్కగా సాగదీసిన ఇత్తడి కేసులకు మారారు. తర్వాతి మార్క్ 4 రకానికి లీవర్‌ను పొడవు చేశారు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర జరిగిన పోరులో అమెరికా అశ్వికుల 1873 స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్‌లలో, అంటే పొట్టి తుపాకుల్లో, మెత్తని రాగి కేసులు ఇరుక్కున్నాయి. తోలు పటకాల్లో ఉన్న తూటాలకు చిలుము పట్టడం కూడా ఒక కారణమని చెబుతారు. అమెరికన్లు కూడా చివరికి ఇత్తడికే మారారు.

ఇక కొలతలు. ఛాంబర్ అచ్చు తియ్యడానికి సెర్రోసేఫ్ అనే మిశ్రలోహం వాడు. అది మరిగే నీటి వేడి లోపే కరుగుతుంది. చల్లారేటప్పుడు మొదట ముడుచుకుని, గంట గడిచేసరికి సరిగ్గా ఛాంబర్ కొలతకు వచ్చి, ఆ తర్వాత రోజుల తరబడి మెల్లగా ఉబ్బుతుంది. అందుకని అచ్చును గంటకు కొలవాలి గాని మర్నాడు కాదు. అడుగు దగ్గర, భుజం దగ్గర, మూతి దగ్గర మైక్రోమీటర్‌తో కొలిచి, పేలని కేసు కొలతలను పక్కన రాసుకో. నా .45-70 తూటా తుపాకీలో అడుగు దగ్గర ఛాంబర్ 0.515 అంగుళాలు, నేను కొన్న కేసులు 0.501. అంటే ప్రతి పేలుడుకూ ఇత్తడి 0.014 అంగుళాల మేర ఉబ్బుతోందన్న మాట. ఆ కేసులను ప్రతిసారీ పూర్తిగా కుదించి, మళ్లీ ఉబ్బించి, నేనే పాడు చేశాను. ఒకసారి ఛాంబర్‌కు అమరిన కేసును మూతి వరకే సరిచేసి, అదే తుపాకీలో వాడడం మేలు. లోపలికి పోవడానికి బిగువైతే అప్పుడు ఒంటిని కొద్దిగా కుదించు.

రిమ్ మందాన్ని మరిచిపోవద్దు. .45-70కి అది 0.070 అంగుళాలు, కేసు పొడవు 2.105. రిమ్ పలచగా ఉంటే కేసు వెనక ఖాళీ మిగిలి, అడుగుకు కొంచెం పైన ఇత్తడి సాగి తెగుతుంది. పొడవు ఎక్కువైతే మూతి ముందుకు దూరి గుండును నొక్కిపట్టి ఒత్తిడి పెంచుతుంది. నీ మార్టినీ కేసు .577 స్నైడర్ అనే పాత బ్రిటిష్ తుపాకీ కేసు మూతిని ఇరుకు చేసి పుట్టించినది. దానికి 24 బోర్ షాట్‌గన్ ఇత్తడి కేసులను మలిచి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి రిమ్‌ను ఒక్కొక్కటిగా కొలవాలి.

ఇరుక్కుని వచ్చిన కేసును పారెయ్యకు. దాన్ని భూతద్దం కింద పెట్టి, వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పి చూడు. చుట్టూ ఉంగరాల్లా గీతలుంటే ఛాంబర్‌ను ఎవరో ముతక పనిముట్టుతో తిరగ తోమారు. ఆ గాళ్లలోకి ఇత్తడి దిగి పట్టుకుంటోంది. ఒకేచోట ఆవగింజంత బొడిపెలు లేచి ఉంటే అది తుప్పు తిన్న గుంటల అచ్చు. తూటా మందును అంటించే పాత ప్రైమర్లు మిగిల్చే ఉప్పు నూనెకు కరగదు, వేడినీళ్లకే కరుగుతుంది. వెనకటి యజమాని నూనెతో మాత్రమే తుడిచి ఉంటాడు. గీతలను పలుచగా మెరుగుపెట్టవచ్చు గాని, గుంటలను పూర్తిగా పోగొట్టబోతే ఛాంబర్ పెద్దదైపోతుంది. కేసు సులువుగా వస్తుందని ఛాంబర్‌కు నూనె రాయడం మాత్రం వద్దు. గోడ పట్టు తప్పిన కేసు మొత్తం బలంతో బ్రీచ్ బ్లాక్ మీద పడుతుంది.

పేలిన కేసు ఇరుక్కుంటే గొట్టం మూతి నుంచి ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టి తియ్యి. పేలని తూటా అయితే కడ్డీ జోలికి పోకు; గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు పెట్టి కొన్ని నిమిషాలు ఆగి, తుపాకులు బాగుచేసే నిపుణుడికి అప్పగించు.

అచ్చు కొలతలు, అయిదు ఖాళీ కేసుల రిమ్ మందాలు, అడుగు కొలతలు వచ్చే ఉత్తరంలో రాసి పంపు. ఇరుక్కున్న కేసులలో ఒకటి తుడవకుండా అలాగే కాగితంలో చుట్టి ఉంచు, నేను వచ్చినప్పుడు చూస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న