టెక్ సందేహాలు: దుబాయ్ ఫోన్ ఖర్చు ఎట్లా తగ్గుతుంది?

"అన్నా, మాది కోరుట్ల. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. వాట్సాప్‌లో కాల్ చేస్తే రింగవుతుంది కానీ మాట వినపడదు. మామూలు కాల్ చేస్తే పది నిమిషాలకే బ్యాలెన్స్ ఖాళీ. నెలనెలా అన్‌లిమిటెడ్ వేయించుకుంటున్నా కదా, మళ్లీ డబ్బులెందుకు కట్ అవుతున్నాయి? ఊళ్లో ఉండే మా అత్తమ్మది కీప్యాడ్ ఫోన్, ఆమె కూడా కొడుకుతో మాట్లాడాలి. ఏ ప్లాన్ మంచిది?"

అక్కా, అన్‌లిమిటెడ్ అంటే మన దేశం లోపల మాత్రమే. 971తో మొదలయ్యే దుబాయ్ నంబర్‌కు చేస్తే ఐఎస్‌డీ (విదేశీ కాల్) కిందికి వస్తుంది, మెయిన్ బ్యాలెన్స్‌లోంచి పోతుంది. దీనికి వేరే ఐఎస్‌డీ ప్యాక్‌లు ఉన్నాయి, అవి లేకుండా చేస్తే రేటు చాలా ఎక్కువ.

వాట్సాప్ విషయానికొస్తే తప్పు మీ ఫోన్‌ది కాదు. దుబాయ్ ఉన్న దేశం యూఏఈలో వాట్సాప్ చాటింగ్ నడుస్తుంది, కాల్స్‌ను మాత్రం అక్కడ బ్లాక్ చేస్తారు. అనుమతి ఉన్న యాప్‌లు వేరే ఉన్నాయి, మనవాళ్లు ఎక్కువగా వాడేది బోటిమ్. మీరిక్కడ ఊరికే ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు. ఆయన సిమ్‌కు గానీ రూంలో వైఫైకి గానీ ఇంటర్నెట్ కాలింగ్ ప్యాక్ అవసరమా, ఎంతవుతుంది అనేది అక్కడి ఫోన్ కంపెనీలు ఎతిసలాత్ (ఇప్పుడు e&) లేదా డు వాళ్లనే అడగమనండి. రూంలో నలుగురు కలిసి వైఫై పెట్టుకుంటే ఆ ఖర్చు కూడా పంచుకోవచ్చు. జూమ్ కూడా అక్కడ పనిచేస్తుంది, ఫ్రీగా ఒకసారికి 40 నిమిషాలు మాట్లాడుకోవచ్చు. కొందరు వీపీఎన్ (మనం ఏ దేశంలో ఉన్నామో నెట్‌లో దాచే యాప్) పెట్టి వాట్సాప్ కాల్ చేస్తారు, ఆయనను మాత్రం దయచేసి చేయనివ్వకండి. వీపీఎన్‌తో నేరం చేసినట్టు తేలితే అక్కడి చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హాంల నుంచి మొదలవుతుంది, అంటే కోటి రూపాయల పైమాటే. ఒక ఫోన్ కాల్ కోసం అంత టెన్షన్ ఎందుకు తెచ్చుకోవాలి?

అత్తమ్మ సంగతే అసలు ముఖ్యం, ఎందుకంటే ఆమె ఫోన్‌లో ఏ యాప్ లేదు. ఇక్కడి నుంచి చేసే కన్నా అక్కడి సిమ్‌లో ఇండియా మినిట్స్ ప్యాక్ వేసుకుని ఆయనే చేస్తే మేలు. మన దగ్గర ఇన్‌కమింగ్‌కు డబ్బులు పడవు, 2003 నుంచి ఇదే పద్ధతి. కాకపోతే ఆమె సిమ్‌కు వ్యాలిడిటీ ఉండాలి. కీప్యాడ్ ఫోన్‌కు డేటా ప్లాన్ వేయించడమంటే డబ్బులు దండగ చేసుకోవడమే. ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పాక, కంపెనీలు 2025 మొదట్లో డేటా లేని, కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉన్న ప్లాన్లు తెచ్చాయి. వాటికి గడువు 365 రోజుల దాకా ఇవ్వొచ్చు. రీచార్జ్ షాపతను ఈ ప్లాన్ల మాట తనంతట తాను ఎత్తకపోవచ్చు, మీరే గట్టిగా అడగండి.

ప్యాక్ కొనేటప్పుడు నిమిషం రేటు చూసి ఊరుకోకండి. లెక్క సెకన్లకా, నిమిషాలకా అని చూడండి. నిమిషాల లెక్కయితే లైన్ కట్ అయి మళ్లీ చేసిన ప్రతిసారీ, పది సెకన్లు మాట్లాడినా నిమిషం పోతుంది. గడువు కూడా చూసుకోండి. నేను ఒక కాలింగ్ యాప్‌లో వేసుకున్న బ్యాలెన్స్ వాడకముందే గడువు తీరి పోయింది, అప్పటి నుంచి ఎప్పుడూ చిన్న ప్యాక్‌తోనే మొదలుపెడుతున్నా.

ఇంకో మాట. గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లల్లో ప్లస్ గుర్తున్న మిస్డ్ కాల్ కనపడగానే తిరిగి చేసేస్తారు. 971 యూఏఈ, 966 సౌదీ, 974 ఖతర్, 968 ఒమన్, 965 కువైట్, 973 బహ్రెయిన్. ఈ కోడ్‌లు కాగితం మీద రాసి అత్తమ్మకు కూడా ఇవ్వండి. వేరే కోడ్ ఉంటే తిరిగి చేయొద్దు, బ్యాలెన్స్ లాగే మోసాలు అట్లాగే జరుగుతాయి. మనవాళ్ల దేశం కోడే ఉన్నా నంబర్ కొత్తదైతే ముందు ఆయనకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి అడగండి.

"మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. స్కైప్ నుంచి మా ల్యాండ్‌లైన్‌కు చేసేవాడు, ఇప్పుడు ఏం చేయాలి?" అని హన్మకొండ నుంచి ఒక పెద్దాయన అడిగారు.

స్కైప్ 2025 మే నెలలో మూతపడింది సార్. అబ్బాయికి అక్కడి నంబర్ ఉంటుంది కాబట్టి గూగుల్ వాయిస్ అనే కాలింగ్ యాప్ పెట్టుకుని, అందులో కొద్దిగా బ్యాలెన్స్ వేసుకుని, 91 తర్వాత 870, ఆపైన మీ నంబర్ కొడితే చాలు, వరంగల్ కోడ్ ముందున్న సున్నా తీసేయాలి. కాల్ దానికే వస్తుంది కాబట్టి ల్యాండ్‌లైన్ తీసేయకండి.