లెవెల్ 2 అన్నారు, థెరపీ చేయిస్తే లెవెల్ 1కి వస్తాడా?

మీ నాలుగేళ్ల బాబు రిపోర్టులో "ఆటిజం, లెవెల్ 2" అని రాశారని, థెరపీతో అది లెవెల్ 1 అవుతుందా అని అడిగారు. మా వాడికి ఇప్పుడు పదేళ్లు. వాడి ఫైల్లో ఒకచోట మైల్డ్ అని, ఇంకోచోట మోడరేట్ అని ఉంది. పిల్లాడు మాత్రం ఒక్కడే.

కాగితం మీద లెవెల్ మారొచ్చండీ. కానీ దాన్ని ర్యాంకులా చూసి వెంటపడకండి. మేం అలాగే చేశాం, దాని ఫలితం వాడు అనుభవించాడు.

మా వాడు బాగా మాట్లాడతాడు. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్లన్నీ వరసగా చెప్పేస్తాడు, వెనక నుంచి ముందుకి కూడా. విన్నవాళ్లంతా "హై ఫంక్షనింగ్ కదా, మీరు అదృష్టవంతులు" అనేవారు. మేమూ సంబరపడి "మైల్డే మేడమ్, తన పనులు తనే చూసుకుంటాడు" అని చెప్పి స్కూల్లో చేర్పించాం. రెండో తరగతిలో రోజూ సాయంత్రం నీళ్ల బాటిల్ నిండుగా ఇంటికొచ్చేది. తాగడం మర్చిపోతున్నాడనుకుని తిట్టాను కూడా. ఒకసారి జ్వరం వస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. నేను స్కూలుకి వెళ్లి వాడితోపాటు బాత్రూం దాకా నడిస్తేగానీ తెలియలేదు. ఫ్లష్ చప్పుడు వినగానే నా కొంగు పట్టుకుని వణికిపోయాడు. అక్కడికి వెళ్లాల్సి వస్తుందనే వాడు నీళ్లు మానేశాడు. అన్ని స్టేషన్ల పేర్లు చెప్పే పిల్లాడికి "భయమేస్తోంది" అని చెప్పడం రాలేదు. టీచర్ అయితే "ఇంత బాగా మాట్లాడతాడు కదమ్మా, మొండితనం అంతే" అన్నారు. ఆవిణ్ణి ఏమనగలను, మైల్డ్ అని చెప్పింది మేమే.

అప్పట్లో మా థెరపీ సెంటర్‌కి ఒక పాప వచ్చేది. మాటలు లేవు, సివియర్ అని రాశారు. పెద్దవాళ్లు తన ఎదురుగానే తన గురించి, ఏమీ అర్థం కానట్టు మాట్లాడుకునేవారు. ఒకరోజు పై అంతస్తులో డ్రిల్లింగ్ మొదలైతే మా వాడు చెవులు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. నేను కంగారుగా బ్యాగంతా వెతుకుతున్నాను. ఆ పాప లేచి, కుర్చీ కింద పడున్న హెడ్‌ఫోన్స్ తీసి వాడి ఒళ్లో పెట్టి, వెళ్లి తన చోట కూర్చుంది.

ఈ లెవెల్స్ 2013లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన డీఎస్ఎం-5 అనే, మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకంలోవి. సాయం కావాలి, ఎక్కువ సాయం కావాలి, చాలా ఎక్కువ సాయం కావాలి: 1, 2, 3 అంటే ఇంతే. నలుగురితో మాట్లాడి మెలగడానికి ఒక లెవెల్, చేసిందే చేయడం, మార్పు పడకపోవడం లాంటి వాటికి ఇంకో లెవెల్ విడిగా ఇవ్వాలి. చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతుందని కూడా అందులోనే ఉంది. మన దేశంలో వైకల్య సర్టిఫికెట్‌కి ఆటిజం ఎంత ఉందో కొలవడానికి వాడే ఐసా (ISAA) స్కేల్ అయితే మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిందే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 నుంచి 106 దాకా మైల్డ్, 107 నుంచి 153 దాకా మోడరేట్, ఆపైన సివియర్. 106కీ 107కీ తేడా ఒక్క మార్కే. ఆ పరీక్షకి మేం వెళ్లిన ముందు రాత్రి వాడసలు నిద్రేపోలేదు.

ఇంకో మాట చెప్పాలి. స్కూల్ అడ్మిషన్ రోజు వాడు కుదురుగా కూర్చోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డుకి వెళ్లిన రోజు, వైకల్యం 40 శాతం రాకపోతే ఏ సాయమూ అందదేమోనని, కుదురుగా కూర్చోకూడదని దణ్ణం పెట్టుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

థెరపీ మాత్రం మానకండి. భయమేస్తే చూపించే కార్డు మా వాడు స్పీచ్ థెరపీలోనే నేర్చుకున్నాడు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ 2 దేనికి ఇచ్చారో, ఏ పనిలో ఎంత సాయం కావాలో రాసిమ్మని అడగండి. మేం ఇప్పుడు స్కూల్లో లెవెల్ చెప్పడం మానేశాం. ఏడాది మొదట్లో ఒక కాగితం ఇస్తాం: "ఫ్లష్ వాడు బయటికొచ్చాక ఆయమ్మ నొక్కాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. బెల్ కొట్టే ముందు హెడ్‌ఫోన్స్ గుర్తుచేయాలి." ఈ ఏడాది బాటిల్ ఖాళీగా వస్తోంది.