ఎముక లేని చెయ్యితో షాపు నడపగలమా?

"వ్యాపారంలో ఉదారంగా ఉంటే జనం వాడుకుని వదిలేస్తారు, చివరికి మిగిలేది ఏమీ ఉండదు, నిజమేనా?" అని అడిగారు. నేను చూసినంతలో అది నిజం కాదు. కాకపోతే ఎవరికి ఇస్తున్నాం, ఎంతవరకు ఇవ్వగలం అన్నది మనం ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా దిగితే మాత్రం మీరు భయపడుతున్నదే జరుగుతుంది.

మాది జనగామ వైపు మోటారు వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన బోరు మోటార్ల లోపలి రాగి వైరు తీసి మళ్లీ కొత్తది చుట్టే పని. నాయన పెట్టాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మా దగ్గర చాలా ఏళ్లు వ్యవసాయమంతా బోర్ల మీదే. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు ఇచ్చారు గానీ అంతకుముందు వంతులవారీగా వచ్చేది. ప్రతి మోటారుకూ ఆటో స్టార్టర్ ఉండేది కాబట్టి కరెంటు రాగానే ఊళ్లో ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే మొదలయ్యేవి, వోల్టేజీ పడిపోయేది, వైండింగ్ కాలిపోయేది. యాసంగిలో వరి పొట్ట దశలో ఉన్నప్పుడు మోటారు కాలితే ఆ రైతు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. షాపులో అప్పటికే వరసగా మోటార్లు ఉంటాయి, ఎంత తొందరపడినా రెండు మూడు రోజులు పడుతుంది, మళ్లకు అన్ని రోజులు ఆగే ఓపిక ఎక్కడిది?

అందుకని నాయన పాత మోటార్లు కొని, బాగుచేసి, షాపులో కొన్ని విడిగా పెట్టేవాడు. "నీ మోటారు అయ్యేదాకా ఇది దించుకో" అని ఇచ్చి పంపేవాడు. కిరాయి తీసుకునేవాడు కాదు. చుట్టుపక్కల కొందరు ఆ అవసరం చూసి రోజుకింత అని కిరాయి కట్టించుకునేవాళ్లు, అలా చేస్తే బాగానే మిగిలేది కూడా. నాయన ఎప్పుడూ ఆ దారిలోకి పోలేదు. పంట ఎండిపోయే మనిషి దగ్గర బేరం ఆడకూడదనేది ఆయన పట్టుదల.

డబ్బు విషయంలో మాత్రం ఆయన లెక్క చాలా గట్టిది, ఉదారం అనగానే లెక్కలేనితనం అనుకునేవాళ్లు ఈ సంగతి చూడాలి. 2015 కరువులో బోర్లు ఎండిపోయి, నీళ్లు లేకుండానే తిరిగిన మోటార్లు కాలిపోయాయి. అప్పుడు చిన్న రైతుల దగ్గర రాగి వైరు ఖరీదు ఒక్కటే తీసుకున్నాడు, మజూరీ వదిలేశాడు. ఎందుకంటే వైరు మేము సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి నగదు పెట్టి తెచ్చేవాళ్లం, అది వదులుకుంటే తర్వాతి మోటారుకు వైరు ఉండదు. మజూరీ అంటే మా ఇంటి కష్టం, అది వదులుకోవాలా వద్దా అన్నది మా ఇష్టం. పెద్ద కమతాలున్నవాళ్ల దగ్గర ఆ ఏడాదీ పూర్తి రేటే తీసుకున్నాడు. అందరికీ సమానంగా తగ్గించడం నా దృష్టిలో ఔదార్యం కాదు, ఉన్నవాడికి తగ్గించిన రూపాయి లేనివాడికి అందాల్సింది.

ఇంకొక ముఖ్యమైన మాట. మజూరీ తీసుకోలేదు కదా అని పనిలో ఎక్కడా తగ్గించలేదు. ఈ పనిలో రాగి బదులు అల్యూమినియం వైరు చుట్టి పంపడం చాలా తేలిక, మోటారు విప్పితే తప్ప రైతుకు తెలియదు. ఉచితంగా చేసే పనిలో నాసిరకం పెడితే దాన్ని సాయం అనడానికి నాకు మనసొప్పదు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టారు. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలం, డబ్బు ఇచ్చింది. అక్కడ కట్టగలిగినవాళ్లు కడతారు, కట్టలేని పేదలకు ఉచితంగా చేస్తారు, వైద్యంలో తేడా ఉండదు. మా నానమ్మకు శుక్లాల ఆపరేషన్ అక్కడే చేయించాం. ఇన్నేళ్లుగా అంతమందికి ఉచితంగా చేస్తూ కూడా ఆ సంస్థ పెరుగుతూనే ఉందంటే, మీ ప్రశ్నకు అంతకన్నా పెద్ద జవాబు నేను ఇవ్వలేను.

వాడుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. మోటారు తీసుకెళ్లి సీజనంతా తిప్పుకున్నవాళ్లు, పంట అమ్మి కూడా ముఖం చాటేసినవాళ్లు ఉన్నారు. వాళ్లతో గొడవ పెట్టుకోలేదు, మళ్లీ మోటారు మాత్రం ఇవ్వలేదు. ఒకరు ఎగ్గొట్టారని తర్వాత వచ్చినవాణ్ని అనుమానించకూడదు, అంతే.

నిజానికి నాయన ఇచ్చినవాటిలో అన్నిటికన్నా విలువైనది డబ్బుకు సంబంధించినది కాదు. వైండింగ్ చేసేవాళ్ల దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. ఏ కంపెనీ మోటారుకు ఏ గేజు (మందం) వైరు, ఎన్ని చుట్లు, కాయిల్ పిచ్ (ఒక కాయిల్ రెండు వైపుల మధ్య దూరం) ఎంత అని ఏళ్ల తరబడి విప్పి చూసి రాసుకున్న లెక్కలు. చాలామంది మేస్త్రీలు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు, ఎందుకంటే అది తెలిస్తే కుర్రాడు పోయి సొంత షాపు పెట్టుకుంటాడని భయం. నాయన మాత్రం పని నేర్చుకునే పిల్లలతో ఆ బుక్కు రాయించేవాడు, "నువ్వు కూడా ఒక కాపీ రాసుకో" అనేవాడు. భయపడినట్టే జరిగింది, వాళ్లు పక్క మండలాల్లో షాపులు పెట్టుకున్నారు. అయితే ఈరోజు మా దగ్గర వైరు అయిపోతే వాళ్ల దగ్గరి నుంచి వస్తుంది, కొత్త మోడల్ లెక్క దొరికితే వాట్సాప్‌లో ఫొటో పెడతారు, వాళ్లకు కుదరని పెద్ద మోటార్లు మాకే పంపుతారు. నాయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో షాపు మూతపడకుండా వంతులు వేసుకుని వచ్చి పని చేశారు. ఒక్క రూపాయి అడగలేదు, నేను ఇవ్వబోతే కోప్పడ్డారు కూడా.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, ఇది నచ్చకపోయినా పర్లేదు. గుడికి విరాళం రాయించి బోర్డు మీద పేరు వేయించుకుని, దగ్గర పనిచేసే మనిషికి జీతం నెలాఖరు దాటి పదిహేనో తేదీకి ఇచ్చే యజమానిని నేను ఉదారుడు అనను. షాపులో పనిచేసేవాడి పిల్లకు జ్వరమొస్తే అడక్కముందే జేబులో చెయ్యి పెట్టగలగాలి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఒకటి కొంటే ఒకటి ఉచితం లాంటివి దీంట్లో కలపకండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచేవారని చెబుతారు. అది మంచి వ్యాపార తెలివి. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బును ఆయన ఆంధ్రపత్రికకూ, స్వాతంత్ర్యోద్యమానికీ, పుస్తకాలకూ ఖర్చుపెట్టడం వేరే సంగతి, దేశోద్ధారక అన్న బిరుదు దానికే వచ్చింది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే, ఇంటి ఖర్చూ, సరుకు డబ్బూ, జీతాలూ పక్కన పెట్టాక ఈ నెల ఎంత తిరిగి రాకపోయినా మీకు బాధ ఉండదో చూసుకోండి. అంతవరకే ఇవ్వండి, దాన్ని అరువు ఖాతాలో రాయకండి. అరువుగా ఇచ్చింది మాత్రం తప్పకుండా రాయండి, గడువు దాటితే మొహమాటం లేకుండా అడగండి. మీది ఏ వ్యాపారమో రాయలేదు, కింద రాస్తే ఎక్కడ వదులుకోవచ్చో, ఎక్కడ వదులుకోకూడదో నాకు తోచింది చెప్తాను.